పాత ట్యూబ్ లిమిటర్‌లో ఏదీ ముట్టుకోవద్దన్న మాట నమ్మకండి

హైదరాబాద్ స్టూడియో వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పాత ట్యూబ్ లిమిటర్, అంటే హద్దు దాటే శబ్దాన్ని వాక్యూమ్ ట్యూబులతో అదిమిపెట్టే మెషీన్, చేతికొస్తే లోపల ఏదీ మార్చకూడదట, ఆ పాత కెపాసిటర్లలోనే సౌండ్ ఉందట. ట్యూబ్ పోతే అదే నంబరుది ఏదైనా పెట్టొచ్చట, మన కరెంటుకి వోల్టేజి తగ్గించే ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే చాలట, హమ్ (గూయ్‌మనే రొద) వస్తే ఎర్త్ తీసేయాలట. ఇది చదివి కృష్ణానగర్‌లో, ఫిల్మ్‌నగర్‌లో కుర్రాళ్లు అప్పు చేసి తెప్పించుకున్న మెషీన్లని నేరుగా ప్లగ్‌లో పెట్టేస్తున్నారు. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు కెపాసిటర్ల సంగతి. ఫెయిర్‌చైల్డ్ 670 అనే పేరున్న పాత అమెరికన్ లిమిటర్‌నే తీసుకోండి, 20 ట్యూబులు, 11 ట్రాన్స్‌ఫార్మర్లు. దాని సౌండ్ ఎక్కణ్ణుంచి వస్తోంది? ట్యూబులో కరెంటుని అదుపు చేసే గ్రిడ్ మీద వోల్టేజి మారేకొద్దీ 6386 ట్యూబు గెయిన్ (సిగ్నల్‌ని పెంచే శక్తి) మెల్లగా తగ్గే తీరు, ఆ ట్రాన్స్‌ఫార్మర్లు, టైమ్ కాన్‌స్టంట్ స్విచ్ వెనకున్న రెసిస్టర్, కెపాసిటర్ విలువలు, ఇవన్నీ కలిస్తేనే ఆ సౌండ్. సిగ్నల్‌ని ఎంత త్వరగా పట్టాలో, ఎంతసేపటికి వదలాలో ఆ విలువలే తేలుస్తాయి. అక్కడి కెపాసిటర్ లీకైతే రిలీజ్ (వదిలే సమయం) మారిపోతుంది, కార్బన్ రెసిస్టర్ విలువ ఏళ్ల తరబడి తేమ తిని పెరిగిపోతే అదీ మారుతుంది. అప్పుడు మీరు వింటున్నది డిజైన్ చేసిన రైన్ నార్మా పెట్టిన సౌండ్ కాదు, అరవై ఏళ్ల అరుగుదల. అసలు విలువకి కొత్తది వేస్తే సౌండ్ పోదు, వెనక్కి వస్తుంది.

నా మాట కూడా ఊరికే నమ్మక్కర్లేదు, మీటర్ పెట్టి చూసుకోండి. ఆడియో దారిలో కప్లింగ్ కెపాసిటర్ (డీసీని ఆపి, సౌండ్‌ని మాత్రం తర్వాతి స్టేజీకి పంపేది) తర్వాత ఉన్న ట్యూబ్ పీకేసి, మెషీన్ ఆన్ చేసి, ఆ కెపాసిటర్‌కి గ్రిడ్ వైపు కాలు దగ్గర డీసీ కొలవండి. ఒక చెయ్యి జేబులో పెట్టుకునే కొలవండి, లోపల 250, 300 వోల్టులు ఉంటాయి, ఆఫ్ చేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో నిలబడి ఉంటాయి. అక్కడ సున్నా దగ్గర చూపించాలి. రెండు మూడు వోల్టులు కనిపిస్తే ముందు స్టేజీ ట్యూబు ప్లేట్ మీదున్న పెద్ద వోల్టేజి కారి గ్రిడ్ మీదికొస్తోందన్న మాట. దాంతో బయాస్, అంటే గ్రిడ్‌కి ఉండాల్సిన స్థిర వోల్టేజి, చెడుతుంది, ట్యూబ్ ఎక్కువ కరెంటు లాగుతుంది, గట్టిగా పాడిన చోట వోకల్ పగులుతుంది. చాలామంది ముచ్చటపడుతున్న వింటేజ్ క్యారెక్టర్‌లో సగం ఇదే.

పవర్ సప్లైలోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల (పైన చెప్పిన ఫిల్టర్ కెపాసిటర్లు ఇవే) మీద అసలు చర్చే అనవసరం. లోపలి తడి ఎండిపోతుంది, వాడకుండా పడుంటే ఆక్సైడ్ పొర పాడవుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో 450 వోల్టులవి వెతికి తెచ్చుకోండి, పాత డబ్బాని ఛాసిస్ (మెషీన్ లోహపు చట్రం) మీద చూడ్డానికి అలాగే ఉంచేసి కొత్తవి కింద వేయించండి. ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రం పనిచేస్తున్నంత కాలం ముట్టుకోకండి, అక్కడ ఆ మెసేజ్‌తో నాకు పేచీ లేదు.

నంబర్ ఒకటైతే ఏ ట్యూబైనా ఒకటే అన్నది ఇంకో మాట. 670 లాంటి వేరియబుల్ మ్యూ లిమిటర్‌లో గెయిన్ తగ్గించేదే ట్యూబు. రెండు వైపుల ట్యూబులూ ఒకేలా నడవకపోతే కంట్రోల్ వోల్టేజి మారినప్పుడల్లా ఆడియోలో దబ్‌మని ఒక చప్పుడు వస్తుంది, అందుకే మ్యాచ్ చేసినవే కావాలి. ఎల్‌ఏ-2ఏ అనే ఇంకో పాత లిమిటర్ కథ వేరు. అందులో లిమిటింగ్ చేసేది ట్యూబు కాదు, టీ4 అనే సెల్. లోపల ఒక వెలుగు పలక, దాని ఎదుట కాడ్మియం సల్ఫైడ్ ఫోటో రెసిస్టర్లు. వయసు మీదపడితే పలక మసకబారుతుంది, అప్పుడు నాబ్ ఎంత తిప్పినా మీటర్ ముల్లు సరిగా దిగదు. దానికి ట్యూబులు మారుస్తూ పోతే డబ్బు దండగ. టీ4 ప్లగ్‌లాగా ఊడొస్తుంది, ముందు దాన్ని మార్చి చూడండి.

స్టెప్‌డౌన్ కొంతవరకే నిజం. అమెరికా మెషీన్ 117 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి చేసింది, మనది 230, 50. స్టెప్‌డౌన్ వోల్టేజినే తగ్గిస్తుంది, హెర్ట్జ్‌ని మార్చదు. 60కి మాత్రమే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో 50 దగ్గర ఫ్లక్స్ 20 శాతం పెరిగి, అది బాగా వేడెక్కుతుంది. దానికి తోడు రాత్రి లైన్ 250కి వెళ్తే ట్యూబుల లోపలి హీటర్లకీ ప్లేట్లకీ అంతకంతా ఎక్కువ అందుతుంది. హీటర్ పిన్నుల దగ్గర 6.3 వోల్టులు వస్తోందో లేదో కొలవండి, గంట నడిపాక ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి ఆనకపోతే 50 హెర్ట్జ్‌కి చుట్టిన 230 ట్రాన్స్‌ఫార్మర్ వేయించి, పాతది దాచుకోండి.

ఇక ఎర్త్. ఇది చదివి నాకు నిజంగా కోపం వచ్చింది. హమ్‌ని ముందు రికార్డ్ చేసి ఫ్రీక్వెన్సీలు చూపించే అనలైజర్‌లో చూడండి. 100 హెర్ట్జ్ దగ్గర లేస్తే ఫిల్టర్ కెపాసిటర్లు పోయినట్టు, 50 దగ్గరైతే ఎర్త్ లూపో (ఎర్త్ రెండు దారుల్లో కలిసి ఏర్పడే చుట్టు) హీటర్ వైరింగో. లూప్ అయితే బ్యాలెన్స్‌డ్ కేబుల్‌లో (సిగ్నల్‌కి రెండు వైర్లుండే కేబుల్) పైన అల్లిన షీల్డ్‌ని ఒక చివర విప్పితే సరిపోతుంది, మెయిన్స్ ఎర్త్ జోలికి వెళ్లే పనే లేదు. ఆ కాలపు మెషీన్లు చాలావరకు రెండు పిన్నుల వైరుతో వచ్చాయి, ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇన్సులేషన్‌కీ అంతే వయసు. అది ఒక్కచోట తెగితే ఛాసిస్ మొత్తం లైవ్. ఆ ఛాసిస్ నుంచి కేబుల్ షీల్డ్, షీల్డ్ నుంచి మైక్ గ్రిల్, ఆ గ్రిల్‌కి పెదాలు తగిలేంత దగ్గరగా నిలబడి పాడేది సింగర్. కాబట్టి మూడు పిన్నుల వైరు వేయించండి, ఎర్త్‌ని ఛాసిస్‌కి బోల్టుతో బిగించండి, లైన్‌లో ఫ్యూజ్ పెట్టండి. ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్లు మిగతాదంతా ఉంచుకున్నా సరే, ఎర్త్ తీసేయమన్న ఆ ఒక్క వాక్యం మెసేజ్‌లోంచి తీసేసి మళ్లీ పంపండి, ఈ రోజే.