ఎస్ఎస్‌డీ పెడితే నెట్‌వర్క్ పోవడం ఏంటి?

మదర్‌బోర్డు మీద పీసీఐ స్లాట్‌లో కూర్చునే కొత్త ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ డిస్క్ పెట్టి లినక్స్ బాక్స్ ఆన్ చేశాను. నెట్‌వర్క్ హుళక్కి. దానికి మానిటర్ లేదు, ఏం చేసినా ఎస్ఎస్‌హెచ్‌లోంచే, అంటే ఇంకో కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ మీదుగానే. మానిటరూ కీబోర్డూ మోసుకొచ్చి తగిలించి చూస్తే, నిన్నటిదాకా లినక్స్‌లో ఈఎన్‌పీ3ఎస్0 అన్న పేరున్న ఈథర్నెట్ కార్డు ఇవాళ ఈఎన్‌పీ4ఎస్0 అయి కూర్చుంది. కార్డు అదే, కేబుల్ అదే. కొత్త ఎస్ఎస్‌డీ రావడంతో కార్డు కూర్చున్న పీసీఐ బస్ నంబర్ 3 కాస్తా 4 అయింది, పేరూ దాని వెంటే పోయింది. కాన్ఫిగ్ ఫైల్ పాపం పాత పేరే పట్టుకుని వేలాడుతోంది.

దీని పేరు ‘ప్రిడిక్టబుల్’ నేమింగ్ అట! 2013లో, లినక్స్‌ని బూట్ చేసి నడిపించే సిస్టమ్‌డీ 197వ వెర్షన్‌తో దిగింది. ఈటీహెచ్0, ఈటీహెచ్1 అనే పాత పేర్లు బూట్ అయినప్పుడల్లా తారుమారవుతున్నాయని ఇది తెచ్చారు. బాగానే ఉంది. కానీ వీధి మొదట్లో కొత్త ఇల్లు లేస్తే వీధిలో అందరి పేర్లూ మారిపోయే పద్ధతి ఎవరికి తట్టింది బాబూ?

‘మ్యాక్ అడ్రస్‌తో (కార్డుకి తయారీలోనే ఇచ్చే నంబర్) పేరు పెట్టుకోవచ్చుగా’ అనే మేధావులు కామెంట్లలోకి వస్తారు, తెలుసు. అలా పెడితే ఈఎన్‌ఎక్స్ తర్వాత 12 హెక్స్ అంకెలు, మొత్తం 15 అక్షరాలు. లినక్స్ గుండెకాయ కెర్నల్ ఇలాంటి నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ పేరుకి ఇచ్చిన చోటు కూడా సరిగ్గా 15. ఒకే కేబుల్ మీద వేరువేరు నెట్‌వర్కులు నడిపే వీలాన్ కావాలంటే, దాని చివర చుక్క పెట్టి వీలాన్ నంబర్ తగిలించండి చూద్దాం. పట్టదు! ఎప్పుడో ఎవరో ‘పేరుకి ఇంతకంటే ఏం కావాలిలే’ అనుకున్నారు, మనం ఇప్పటికీ అక్షరాలు లెక్కపెట్టుకుంటున్నాం.

డిస్కుల సంగతి ఎత్తకపోతేనే నయం. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని వాటికి పేర్లు, ఏ డిస్క్ ముందు కనబడితే దానికి ముందు పేరు. యూఎస్‌బీ డ్రైవ్ తీయడం మర్చిపోయి బూట్ చేస్తే నిన్నటి ఎస్‌డీఏ ఇవాళ ఎస్‌డీబీ. అలాంటి రోజున ఫార్మాట్ కమాండ్ కొట్టిన వాళ్లకి నా సానుభూతి. ఎస్‌డీజెడ్ తర్వాత ఎస్‌డీఏఏ అట, స్ప్రెడ్‌షీట్ కాలమ్‌లా. విరుగుడుగా యూయూఐడీ ఇచ్చారు, దేనికదే వేరుగా ఉండే మారని గుర్తు. 36 అక్షరాలు. సర్వర్ పడిపోయినప్పుడు ఫోన్‌లో అవతలి వాళ్లకి అది చదివి వినిపించండి, తల ప్రాణం తోకకొస్తుంది.

అయినా లినక్స్ వాళ్లు కనీసం మార్చి మార్చి చంపుతారు. విండోస్ అసలు మార్చనే మార్చదు. ఏ, బీ అక్షరాలు ఫ్లాపీలకి ఇచ్చారు, ఆ ఫ్లాపీలు పోయి ఎన్నేళ్లయినా మొదటి డిస్క్ ఇంకా సీయే. 1981లో వచ్చిన మొదటి డాస్‌లో (విండోస్‌కి పూర్వీకుడు) ఫోల్డర్లే లేవు. అందుకని కాన్ (కీబోర్డు, స్క్రీన్), పీఆర్ఎన్ (ప్రింటర్), ఆక్స్ (సీరియల్ పోర్టు), నల్ (ఏమీ లేని శూన్యం) అని డివైస్‌లకి ఫైళ్లలాగే పేర్లు పెట్టేశారు. 1983లో డాస్ 2 ఫోల్డర్లు తెచ్చింది. అప్పుడైనా వీటిని ఒక ఫోల్డర్‌లో పెట్టి తలుపేయొచ్చుగా? అబ్బే, పాత ప్రోగ్రాములు ఆగిపోతాయని ప్రతి ఫోల్డర్‌లోనూ ఈ దయ్యాల్ని తిరగనిచ్చారు.

దాని ఫలితం నేను విండోస్ 10 మీద అనుభవించాను. లినక్స్ కెర్నల్ సోర్స్‌లో ఆక్స్.సి అని ఒక ఫైల్ ఉంది. కోడ్ దించుకునే గిట్ అనే టూల్‌తో దించుకుందామంటే అక్కడికొచ్చి మొండికేసింది. ఎందుకయ్యా అంటే చుక్క తర్వాత ఏమున్నా ఆక్స్ అనే పేరు సీరియల్ పోర్టుకి రిజర్వ్ అట. నా ల్యాప్‌టాప్‌కి సీరియల్ పోర్టే లేదు!