ఫ్లాట్ ఒకటే, న్యాయవేదికలు ఆరు: ఏ కేసు ఎక్కడ వేయాలి?

హైదరాబాద్ శివార్లలోనో విజయవాడ చుట్టుపక్కలో ఫ్లాటుకు డబ్బు కట్టి, చెప్పిన గడువు దాటినా తాళాలు చేతికి రానివాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రోజూ నలిగే ప్రశ్న ఒకటుంది: ఏ కోర్టుకు వెళ్లాలి? ఒకరు రెరా (స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ) అంటారు. ఇంకొకరు కన్స్యూమర్ ఫోరం (ఇప్పటి వినియోగదారుల కమిషన్) అంటారు. ఎన్‌సీఎల్‌టీలో (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్‌లో) వేస్తే బిల్డర్ కాళ్లబేరానికి వస్తాడని మరొకరు, ముందు పోలీస్ కేసు పెట్టాల్సిందేనని వేరొకరు. విచిత్రం ఏమిటంటే, వీళ్లలో ఎవరూ పూర్తిగా తప్పు చెప్పడం లేదు. ఏ వేదిక ఏం ఇవ్వగలదు, ఏం ఇవ్వలేదు అన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

తేల్చుకోవాల్సినవి మూడు. ఎవరి మీద వేస్తున్నాం? వాళ్ల నుంచి ఏం కోరుతున్నాం? ఆ కోరిక తీర్చే అధికారాన్ని ప్రత్యేక చట్టం ఏదైనా సివిల్ కోర్టు నుంచి తీసి వేరేవాళ్లకు ఇచ్చిందా? సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ సెక్షన్ ప్రకారం సివిల్ స్వభావమున్న తగాదాలన్నీ సివిల్ కోర్టువే, చట్టం అడ్డుచెప్పినవి తప్ప. గత కొన్ని దశాబ్దాల్లో పెరిగిన ప్రత్యేక వేదికలు చాలావరకు ఈ ‘తప్ప’ అన్న మాట వెనక చేరినవే. రెరా చట్టంలో 79వ సెక్షన్, బ్యాంకు రికవరీకి వాడే సర్ఫేసీ చట్టంలో 34వ సెక్షన్ అలాంటి అడ్డుగోడలు. కాబట్టి దావా రాయకముందే ప్లీడరును అడగాల్సిన ప్రశ్న, ‘ఈ విషయంలో సివిల్ కోర్టుకు బార్ (చట్టపరమైన అడ్డు) ఉందా?’

ఇక ఫ్లాటు సంగతి. బిల్డర్ ఆలస్యం చేశాడు, లేదా బ్రోషర్లో చూపించింది ఒకటి, కట్టింది ఇంకొకటి. ఇక్కడ రెరా, వినియోగదారుల కమిషన్ రెండూ తెరిచే ఉన్నాయి. రెరా వచ్చాక కన్స్యూమర్ కేసులు చెల్లవని బిల్డర్ల తరఫున గట్టిగా వాదించారు. 2020లో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. రెరా చట్టంలోని 88వ సెక్షన్ ఇతర చట్టాల హక్కులను తీసేయదని తేల్చింది. అయితే ఒకే ఉపశమనం కోసం రెండు చోట్లా నడపడం కుదరదు. ఒకదాన్ని ఎంచుకుని నిలబడాలి. ఆ ఎంపిక దగ్గరే చాలామంది తొందరపడతారు.

రెరాకు వెళ్లాలంటే ముందు ప్రాజెక్టు దాని పరిధిలోకి రావాలి. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో కట్టినా, ఎనిమిది ఫ్లాట్లకు మించకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణ నిబంధనలైతే 2017 జనవరి 1 తర్వాత అనుమతి పొందిన ప్రాజెక్టులకే వర్తిస్తాయి. 18వ సెక్షన్ కొనుగోలుదారుకు రెండు దారులు ఇస్తుంది: ప్రాజెక్టు నుంచి తప్పుకుని కట్టిన సొమ్ము వడ్డీతో వెనక్కి తీసుకోవడం, లేదా ఫ్లాటు ఉంచుకుని ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ తీసుకోవడం. తెలంగాణలో వడ్డీ ఎస్‌బీఐ గరిష్ఠ ఎంసీఎల్‌ఆర్‌ (రుణాలకు బ్యాంకు పెట్టుకునే కనీస వడ్డీ రేటు) మీద రెండు శాతం ఎక్కువ. ఫిర్యాదులో ఈ రెండింటిలో ఏది కావాలో తేల్చి రాయాలి. ‘ఫ్లాటు ఇప్పించండి, లేకపోతే డబ్బిప్పించండి, మానసిక క్షోభకు పరిహారం కూడా’ అని అన్నీ ఒకే కాగితంలో కలిపితే చిక్కు మొదలవుతుంది. ఎందుకంటే రెరాలోనే రెండు గదులున్నాయి. సొమ్ము వాపసు, వడ్డీ, స్వాధీనం అథారిటీ చూస్తుంది. నష్టపరిహారం ఎంతో తేల్చేది 71వ సెక్షన్ కింద ఉండే అడ్జుడికేటింగ్ ఆఫీసర్. 2021లో న్యూటెక్ ప్రమోటర్స్ తీర్పుతో ఇది స్థిరపడింది. ఫారాలు వేరు, ఫీజులు వేరు. అథారిటీ దగ్గర పరిహారం అడిగితే ఆ భాగం పక్కకు పోతుంది, మళ్లీ మొదటినుంచి వేసుకోవాలి.

వినియోగదారుల కమిషన్లో ఈ విభజన లేదు. సొమ్ము, వడ్డీ, పరిహారం, ఖర్చులు అన్నీ ఒకేచోట అడగొచ్చు. 2019 చట్టం ఇంకో పెద్ద వెసులుబాటు ఇచ్చింది: ఫిర్యాదుదారు నివసించే చోట, ఉద్యోగం చేసే చోట కూడా కేసు వేయొచ్చు. నార్సింగిలో ఫ్లాటు కొని బెంగళూరులో ఉంటున్న తెలుగు ఇంజనీరు బెంగళూరులోనే వేసుకోవచ్చు. రెరా అయితే ప్రాజెక్టు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానిదే. జిల్లా కమిషన్‌కు 50 లక్షల వరకు, రాష్ట్ర కమిషన్‌కు 50 లక్షలు దాటి 2 కోట్ల వరకు, ఆపైన జాతీయ కమిషన్. ఇక్కడ లెక్కలోకి వచ్చేది చెల్లించిన ప్రతిఫలం. అడిగే పరిహారాన్ని కలిపి లెక్కేసే పాత చట్టం పద్ధతి పోయింది. చాలామంది ఇంకా అదే పద్ధతిలో వేసి వాపసు తెచ్చుకుంటున్నారు. జిల్లా కమిషన్లో 20 లక్షల నుంచి 50 లక్షల విలువకు ఫీజు వెయ్యి రూపాయలే. గడువు రెండేళ్లు. స్వాధీనం ఇవ్వనంతకాలం ఫిర్యాదుకు కారణం కొనసాగుతూనే ఉంటుందని సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే కానీ, ఆ ధీమాతో ఏళ్లకేళ్లు కూర్చోవడం తెలివైన పని కాదు.

ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) షరతు ఉందని బిల్డర్ లాయర్ భయపెడితే బెదరక్కర్లేదు. వినియోగదారు ఫిర్యాదును అది ఆపలేదని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో తేలిపోయింది. సివిల్ కోర్టులో దావా వేస్తే మాత్రం బిల్డర్ అదే షరతు చూపించి, తన మొదటి జవాబు దాటకముందే అడిగితే, కేసును ఆర్బిట్రేషన్‌కు పంపించగలరు. ఒకే కాగితం ఒక గుమ్మం దగ్గర చెల్లదు, పక్క గుమ్మం దగ్గర చెల్లుతుంది. పెట్టుబడి కోసం నాలుగైదు ఫ్లాట్లు కొన్నవాళ్లకు వినియోగదారుల కమిషన్ ఇబ్బందే. వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారు వినియోగదారులు కారన్న అభ్యంతరం బిల్డర్ మొదటి కౌంటర్లోనే (జవాబులోనే) వస్తుంది. వాళ్లకు రెరా మేలు.

మరి ఏది మంచిది? గెలవడం వరకు పెద్ద తేడా లేదు; తేడా వసూలులో ఉంది. రెరా ఆర్డరు మీద బిల్డర్ అప్పీలుకు వెళ్లాలంటే కొనుగోలుదారుకు ఇవ్వాల్సిన మొత్తాన్ని వడ్డీతో సహా ముందే డిపాజిట్ చేయాలి. వినియోగదారుల జిల్లా కమిషన్ తీర్పు మీదైతే సగం చాలు. ఇంతవరకు రెరాదే పైచేయి. కానీ బిల్డర్ అప్పీలుకు పోకుండా ఊరికే కూర్చుంటే? రెరా సొమ్మును భూమి శిస్తు బకాయిలా వసూలు చేయాలి. అంటే ఫైలు కలెక్టరేటుకు చేరుతుంది, 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం కింద. సర్వేలు, ఎన్నికలు, వరదల మధ్య రెవెన్యూ యంత్రాంగానికి ఒక ప్రైవేటు కొనుగోలుదారు బాకీ ఎన్నో ప్రాధాన్యమో ఊహించుకోవచ్చు. వినియోగదారుల కమిషన్‌కు మాత్రం 72వ సెక్షన్ ఉంది: ఆదేశం పాటించనివారికి నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25 వేల నుంచి లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. కంపెనీ డైరెక్టర్‌కు వారెంటు వస్తుందన్న భయం కలెక్టర్ నోటీసు కన్నా బాగా పనిచేస్తుంది. బిల్డర్ ఇంకా వ్యాపారంలో ఉండి, పరువుకు జంకేవాడైతే కమిషన్. పనులు జరుగుతున్న పెద్ద ప్రాజెక్టు అయి ఫ్లాటే కావాలనుకుంటే రెరా. ఇది చట్టంలో రాసిన సూత్రం కాదు, వసూలు తీరు చూసి చెప్పే అంచనా.

స్థలం ఇచ్చి డెవలప్‌మెంట్ ఒప్పందం చేసుకున్న యజమానులు తాము వినియోగదారులం కాదనుకుంటారు. సగం ఫ్లాట్లు తనకు కట్టివ్వాలన్న ఒప్పందంలో యజమాని సేవ పొందుతున్నవాడేనని 2008లో ఫకీర్ చంద్ గులాటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లాభనష్టాలు, నిర్వహణ నిజంగా పంచుకునే జాయింట్ వెంచర్ అయితే వేరు. అలాగే లేఅవుట్ వేసి, రోడ్లు, డ్రైనేజీ ఇస్తామని అమ్మిన ప్లాటు వినియోగదారుల పరిధిలోకి వస్తుంది. ఊరి చివర ఎకరంలో వంద గజాలు ఊరికే రాసిచ్చిన అమ్మకం రాదు.

టైటిల్ తగాదా వచ్చిందంటే దారి మారుతుంది. ‘ఈ స్థలం మా తాతది’ అంటూ మూడో మనిషి వస్తే ఆ హక్కును తేల్చాల్సింది సివిల్ కోర్టు. ఆస్తి ఎక్కడ ఉంటే అక్కడి కోర్టే. బిల్డర్ ఆఫీసు జూబ్లీహిల్స్‌లో ఉన్నా స్థలం సంగారెడ్డిలో ఉంటే సంగారెడ్డికే పోవాలి. దావా విలువను బట్టి జూనియర్ సివిల్ జడ్జి, సీనియర్ సివిల్ జడ్జి, జిల్లా జడ్జి. కోర్టు ఫీజు తగ్గుతుందని విలువ తగ్గించి చూపిస్తే ప్రతివాది మొట్టమొదట పట్టుకునేది దాన్నే. టైటిల్ లోపం వల్ల నష్టపోయినందుకు బిల్డర్ నుంచి పరిహారం మాత్రం రెరాలో అడగొచ్చు, దానికి కాలదోషం కూడా పట్టదని 18వ సెక్షన్ రెండో ఉపవిభాగం చెబుతోంది. రిజిస్ట్రేషన్ అయి పదేళ్లు గడిచాక భూమి గొడవ బయటపడినవాళ్లకు ఎంతో అక్కరకొచ్చే వాక్యం అది, వాడేవాళ్లు తక్కువ.

వ్యవసాయ భూమి విషయంలో ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. పాస్‌బుక్‌లో పేరు తప్పు పడితే రెవెన్యూ అధికారి, హక్కు ఎవరిదన్న గొడవైతే సివిల్ కోర్టు. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన తెలంగాణ భూభారతి చట్టం ఆర్డీవో, కలెక్టర్ స్థాయిలో అప్పీలును తిరిగి తెచ్చింది. రికార్డు సరిచేయడానికి అది చాలు. అన్నదమ్ముల పంపకం తగాదాను ఆర్డీవో ముందు పెడితే ఏళ్లు గడిచాక ‘సివిల్ కోర్టుకు వెళ్లండి’ అన్న ఆర్డరే చేతికొస్తుంది.

ఎన్‌సీఎల్‌టీ సంగతి. దివాలా చట్టంలో ఇళ్ల కొనుగోలుదారులు 2018 నుంచి ఫైనాన్షియల్ క్రెడిటర్లే (కంపెనీకి అప్పిచ్చినవారితో సమానమే). కానీ 2020 సవరణ తర్వాత ఒక్కరు వెళ్లలేరు: అదే ప్రాజెక్టులో వంద మంది, లేదా మొత్తం కొనుగోలుదారుల్లో పది శాతం, ఏది తక్కువైతే అది, కలిసి వెళ్లాలి. ఎగవేత కోటి రూపాయలకు తగ్గకూడదు. తెలంగాణకు హైదరాబాద్ బెంచ్, ఆంధ్రప్రదేశ్‌కు అమరావతి బెంచ్. దీన్ని వసూలు కోర్టుగా వాడడం ప్రమాదం. కేసు స్వీకరించిన క్షణం మారటోరియం మొదలవుతుంది. ఆ కంపెనీ మీద రెరాలో, కమిషన్లో నడుస్తున్నవన్నీ నిలిచిపోతాయి. బ్యాంకులతో పాటు వరసలో నిలబడాలి. మీరు వేయకపోయినా ఇంకెవరో వేసి ఉండొచ్చు. అప్పుడు పత్రికా ప్రకటనలో ఇచ్చిన గడువులోగా ఫారం సీఏలో క్లెయిమ్ దాఖలు చేయకపోతే నష్టం మీదే. రెరా ఆర్డరు చేతిలో ఉన్నవాళ్లను వేరుచేసి తక్కువగా చూడకూడదని, మిగతా కొనుగోలుదారుల్లాగే చూడాలని 2023లో సుప్రీంకోర్టు విశాల్ చేలానీ కేసులో చెప్పింది కాబట్టి, ఆర్డరు ఉన్నా క్లెయిమ్ వేయాల్సిందే.

బ్యాంకు లోను ఉంటే ఇంకో గుమ్మం. ఫ్లాటు రాలేదని ఈఎంఐ ఆపేస్తే 60 రోజుల గడువుతో సర్ఫేసీ చట్టం 13(2) సెక్షన్ నోటీసు వస్తుంది. దాని మీద ఇంజంక్షన్ కోసం సివిల్ కోర్టుకు పరుగెత్తడం దండగ. 34వ సెక్షన్ అడ్డు. ఆ దశలో డీఆర్‌టీ (బ్యాంకు బాకీల వసూలు ట్రిబ్యునల్) కూడా వినదు. చేయాల్సింది లిఖితపూర్వక అభ్యంతరం పంపడం. బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. తర్వాత 13(4) కింద స్వాధీనానికి దిగినప్పుడు, ఆ రోజు నుంచి 45 రోజుల్లోగా డీఆర్‌టీకి వెళ్లాలి. తెలుగు రాష్ట్రాల్లో అవి హైదరాబాద్, విశాఖపట్నంలో ఉన్నాయి. అక్కడ ఓడితే అప్పీలు కోల్‌కతాలో, అదీ బాకీలో సగం డిపాజిట్ చేశాక. అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని పావు వంతుకు తగ్గించొచ్చు. కోల్‌కతా దూరం చూసి చాలామంది హైకోర్టులో రిట్ వేస్తారు. ట్రిబ్యునల్ ఉండగా రిట్లు తీసుకోవద్దని సుప్రీంకోర్టు 2010 నుంచీ హైకోర్టులను హెచ్చరిస్తూనే ఉంది. స్టే దొరికిందన్న సంబరం నాలుగు వారాలకు ముగుస్తుంది, 45 రోజుల గడువు మాత్రం ఈలోగా గడిచిపోతుంది.

ఇక బిల్డర్ సొమ్ము వాపసుగా ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే అది మేజిస్ట్రేట్ కోర్టు. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక డబ్బు కట్టడానికి 15 రోజులు, ఆపైన నెలలోగా కంప్లయింట్. 2015 సవరణ తర్వాత చెక్కును ఖాతాలో వేసుకున్నవారి బ్యాంకు శాఖ ఎక్కడుంటే కేసు అక్కడ. ఈ కేసులు చెడేది ఎక్కువగా ఒక్కచోట: డైరెక్టర్ మీద వేసి కంపెనీని ముద్దాయిగా చేర్చకపోవడం. కంపెనీ చెక్కు అయితే కంపెనీ లేకుండా కేసు నిలవదని 2012లోనే తేలిపోయింది.

తప్పు కోర్టులో వేసేశాం, ఇప్పుడేం చేయాలి? సివిల్ కోర్టు తనకు పరిధి లేదనుకుంటే దావాను వాపసు ఇస్తుంది. ఆ దావా మీద దాఖలైన తేదీ, తిరిగిచ్చిన తేదీ, కారణం జడ్జి రాయాలి. ఆ వాపసు కాగితం జాగ్రత్త. సరైన కోర్టులో కేసు మొదటినుంచీ మొదలవుతుంది, పాత సాక్ష్యం పనికిరాదు. పోయిన కాలాన్ని మాత్రం లిమిటేషన్ చట్టం 14వ సెక్షన్ కింద మినహాయించమని అడగొచ్చు. ట్రిబ్యునళ్లకూ ఆ సూత్రమే వర్తిస్తుందని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే మంచి నమ్మకంతో, శ్రద్ధగా నడిపినట్టు చూపాలి. పరిధి లేదని ప్రతివాది మొదటి కౌంటర్లోనే చెప్పినా మూడేళ్లు లాగి, ఓడిపోయే వేళకు వెనక్కి తీసుకున్నవారికి ఆ శ్రద్ధ చూపడం కష్టం. అభ్యంతరం వచ్చిన వాయిదాకే ఉపసంహరణ పిటిషన్ వేసి, సరైన వేదికకు వెళ్లేందుకు అనుమతిస్తున్నట్టు ఆర్డరులో రాయించుకుని, సర్టిఫైడ్ కాపీకి అదే రోజు దరఖాస్తు పెట్టాలి.