బొడ్డు మచ్చ మానని సొరలు

చెన్నైలోని కాశిమేడు చేపల రేవులో తెల్లవారుజామున వేలానికి పోసే కుప్పల్లో మూరెడు సొరలు కనిపిస్తాయి. అవన్నీ పిల్లలు కావు. పాల సొర బాగా పెరిగినా చాలావరకు మీటరుకు అటూ ఇటూగానే ఉంటుంది. పిల్ల అవునో కాదో తెలియాలంటే వెల్లకిలా తిప్పి చూడాలి. పాల సొర లాంటి జాతుల్లో పిల్లలకు కడుపులో ఉండగా బొడ్డుతాడు ఉంటుంది. అది ఊడిన మచ్చ పుట్టాక కొన్ని వారాల పాటు ఛాతీ రెక్కల మధ్య కనిపిస్తుంది. ఆ మచ్చ ఇంకా పచ్చిగా ఉందంటే తల్లి దగ్గర్లోనే ఎక్కడో కని వెళ్లిందన్నమాట.

ఆ చోటు ఏదో తేల్చే పని చెన్నై తీరంలో మొదలుకావాలని మేము కోరుతున్నాం.

పిల్లలు నాలుగు దొరికినంత మాత్రాన ఒక చోటు నర్సరీ, అంటే సొర పిల్లలు పెరిగే తావు, అయిపోదు. అక్కడ అవి మిగతా చోట్ల కంటే ఎక్కువగా కనిపించాలి, చాలాకాలం అక్కడే ఉండాలి, ఏటా అదే చోటు వాడుకలో ఉండాలి. 2007లో శాస్త్రవేత్తలు పెట్టిన కొలతలివి. పట్టిన పిల్లకు గుర్తు వేసి వదిలి, మళ్లీ ఎక్కడ దొరికిందో చూస్తే తప్ప చివరి రెండూ తేలవు. బహమాస్‌లోని బిమినీ దీవుల దగ్గర నిమ్మ సొరలను ఏళ్ల తరబడి ఇలాగే గమనించారు. అక్కడ పుట్టిన ఆడ సొరలు కొన్ని పెద్దవై, దాదాపు పదిహేనేళ్ల తర్వాత కాన్పుకు అక్కడికే తిరిగొచ్చాయని 2013లో వెల్లడించారు. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకు ఆ ఇల్లే లేకపోతే? 2017లోనూ, 2023 డిసెంబరు వరదల్లోనూ చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు నీళ్లపై చమురు తెట్టె కట్టింది. రేవుల కోసం అడుగు తవ్వుతూనే ఉన్నారు. ఆ లోతులేని నీళ్లలో ఏ జాతులు కంటున్నాయో లెక్క చేతిలో లేకుండా పర్యావరణ అనుమతుల కాగితాలు రాయడం మాకు ఆందోళన కలిగిస్తోంది.

బిమినీ నీళ్లు తేటగా ఉంటాయి, మన దగ్గర ట్రాలర్లు అడుగంతా ఈడుస్తాయి. సొరకు అమర్చిన పరికరం చేసే శబ్దాన్ని పట్టే ఖరీదైన గ్రాహకాలను అడుగున పెడితే వలలకు చిక్కి పోతాయి. అందుకే వీపు రెక్కకు నంబరున్న ప్లాస్టిక్ ట్యాగ్‌తో మొదలుపెట్టడం మేలు. అమెరికా 1962 నుంచి చేపలు పట్టేవాళ్ల చేతికే ట్యాగులిచ్చి లక్షల సంఖ్యలో సొరలకు వేయించింది.

మత్స్యకారుల టెన్షన్ వేరు. ఈరోజు ట్యాగ్ అంటారు, రేపు ఇక్కడ వల వేయొద్దంటారు అన్న భయం కాశిమేడులోనూ, పులికాట్ పల్లెల్లోనూ ఉంటే దాన్ని తప్పుపట్టలేం. దానికి జవాబు డబ్బు రూపంలోనే ఉండాలి. గుజరాత్‌లో తిమింగలం సొరలను వల కోసి వదిలినవాళ్లకు అటవీ శాఖ వల నష్టం కట్టిచ్చింది. ఇక్కడా వదిలిన ప్రతి పిల్లకూ, నంబరు తెచ్చిచ్చిన ప్రతి ట్యాగ్‌కూ అదే రోజు రేవులోనే డబ్బు చేతికి అందాలి.

సొర తినొద్దని మేము అనడం లేదు. బాలింతకు పాలు పడతాయని పాల సొర వండిపెట్టే ఇళ్లు మనవాళ్లలో ఎన్నో. కానీ ఆ చేప ఏడాది దాకా మోసి కనేది ఎనిమిదికి మించని పిల్లల్ని. వేలకొద్దీ గుడ్లు పెట్టే కవళ్ల లెక్క దీనికి కుదరదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు ఆగుతాయి. సొరల కాన్పులు ఆ రోజుల్లో పడుతున్నాయా, వేరే రోజుల్లోనా అన్నది కూడా బొడ్డు మచ్చల లెక్కే చెప్పాలి. పులికాట్ రెండు రాష్ట్రాలదీ కాబట్టి తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ మత్స్య శాఖలు కలిసి ఖర్చు పెట్టుకోవాలి. వచ్చే జూన్ 15న పడవలు మళ్లీ కదిలేనాటికి ట్యాగులు, తెలుగులోనూ తమిళంలోనూ రాసిన సూచనలు, చెల్లింపు డబ్బు కాశిమేడు రేవులో సిద్ధంగా ఉండాలి.