విరాళాల పోస్టర్ మీది ఫొటో ఎవరిది?

విశాఖలో ఏ ఆపద వచ్చినా అమెరికాలోని మన తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో గంట తిరక్కుండా పోస్టర్ దిగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, 2020 మే 7న ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు, 2023 నవంబరులో ఫిషింగ్ హార్బర్‌లో దాదాపు 40 బోట్లు తగలబడినప్పుడు వచ్చినవన్నీ ఇలాంటివే. మధ్యలో గుండె పిండేసే ఫొటో, కింద బ్యాంకు ఖాతా వివరాలు, పక్కన మన కార్యవర్గం ముఖాలు. ఆ ఫొటో తీసిన మనిషి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

అడిగితే వచ్చే జవాబు ఒకటే: "సేవ కోసమే కదండీ, కాపీరైట్ ఏమిటి?"

హాలుకి అద్దె ఇస్తున్నాం. భోజనాలకు ఇస్తున్నాం. ఫ్లెక్సీ వేసినవాడికీ ఇస్తున్నాం. విరాళాలు రాబట్టిన ఫొటోకి మాత్రం సేవ గుర్తొస్తుంది. వార్త పంపితేనే డబ్బులొచ్చే స్ట్రింగర్‌కి ఆ ఫొటోయే ఆ రోజు కూలి.

భారతదేశపు 1957 కాపీరైట్ చట్టం ఈ విషయంలో చాలామంది అనుకునేదానికన్నా ఫొటోగ్రాఫర్ వైపే ఉంది. డబ్బిచ్చి తీయించుకున్న పెళ్లి ఫొటోలు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లవే. కానీ పత్రిక ఉద్యోగి తీసిన వార్తా ఫొటో మీద యజమానికుండే హక్కు పత్రికల్లో ప్రచురణ వరకే. ఇక్కడా వేరే ఒప్పందం లేకపోతే, మిగతా వాడకాలకు తొలి హక్కుదారు తీసినవాడే. మన ఫ్లెక్సీ ఆ 'మిగతా'లోకే వస్తుంది. విమర్శకీ, వర్తమాన విషయాల వార్తలకీ చట్టం మినహాయింపు ఇచ్చింది గానీ, విరాళాల పిలుపు అందులో లేదు. అనుమతి లేకుండా వాడుకోవడాన్ని కొన్నిసార్లు ఒప్పుకునే అమెరికా 'ఫెయిర్ యూజ్' నియమంలో లాభాపేక్ష లేకపోవడం చూసే అంశాల్లో ఒకటి మాత్రమే, దానికదే పాస్‌పోర్టు కాదు.

మరి చట్టం న్యాయమైనదేనా? కాగితం మీద అవును. చేతికందడంలోనే తేడా. 2010 హైతీ భూకంపం ఫొటోలను అక్కడే పుట్టిన డేనియల్ మోరెల్ ట్విట్టర్‌లో పెట్టారు. అంతర్జాతీయ వార్తా సంస్థ ఏఎఫ్‌పీ వాటిని వేరేవాళ్ల పేరుతో ప్రపంచమంతా పంచింది. ఆయన అడ్డుచెబితే, ముందు కోర్టుకెక్కింది కూడా ఆ ఏజెన్సీయే! 2013లో జ్యూరీ ఆయనకు 12 లక్షల డాలర్లు ఇప్పించింది. అంత పోరాటం చేసే ఓపికా, లాయరూ విశాఖ జగదాంబ దగ్గర బైకు మీద తిరిగే స్ట్రింగర్‌కి ఎక్కడినుంచి వస్తాయి?

అలాగని హక్కుదారు చెప్పిందల్లా వేదం అనను. డెన్మార్క్ చిత్రకారిణి నాదియా ప్లెస్నర్ సూడాన్‌లో యుద్ధంతో నలిగిన డార్ఫర్ మీద జనం చూపు పడాలని, బక్కచిక్కిన పిల్లాడి చేతికి ఖరీదైన హ్యాండ్‌బ్యాగు తగిలించి బొమ్మ వేశారు. ఆ బ్యాగు డిజైన్ హక్కు తమదంటూ ఖరీదైన బ్యాగుల కంపెనీ లూయీ విట్టన్ కేసు పెట్టింది. రోజుకు 5,000 యూరోల జరిమానా హెచ్చరికతో ముందు వచ్చిన ఉత్తర్వును హేగ్ కోర్టు 2011 మేలో ఎత్తేసింది. సరైన తీర్పే. ఆ బొమ్మకు ఆ బ్యాగే ప్రాణం, అది లేకుండా మాట చెప్పలేరు. బలవంతుడి వస్తువును విమర్శకు వాడటం, బలహీనుడి కష్టాన్ని అడగడానికి బద్ధకించి వాడటం ఒకటెలా అవుతాయి? సేవాసంస్థలకు పూర్తి మినహాయింపు ఇవ్వాలనే వాదన నాకు నచ్చనిది ఇందుకే. దాని దెబ్బ మొదట తగిలేది స్ట్రింగర్‌కే.

ఇక ఫొటోలో ఉన్న మనిషి సంగతి. కాపీరైట్‌లో ఆ మనిషికి చోటే లేదు. వెంకటాపురం రోడ్ల మీద స్పృహ లేకుండా పడిపోయినవాళ్లను ఎవరడిగారు? కోలుకుని లేచాక తన ఒళ్లు డాలస్‌లో ఏదో బ్యానర్ మీద చూసుకుంటే ఎలా ఉంటుంది? ముఖాలు తెలిసే ఫొటోలు, ముఖ్యంగా పిల్లలవి, అనుమతి లేకుండా వేయకూడదని నా పట్టుదల. విరాళం కాస్త తగ్గితే తగ్గనివ్వండి.

అడుగుతూ కూర్చుంటే ఆలస్యమవుతుందంటారు కొందరు మిత్రులు. ఫొటో కింద పేరుంటుంది, పత్రిక డెస్క్‌కి ఒక ఫోన్ చాలు. మనకు రాత్రయితే అక్కడ పగలే. ఉచితంగా వాడుకోమంటే పేరు వేద్దాం, డబ్బడిగితే ఇద్దాం. వచ్చే బడ్జెట్‌లో హాలు, భోజనాల పద్దుల కింద 'ఫొటోలు' అని మరో పద్దు రాయమని కోశాధికారి గారికి ఇప్పటికే చెప్పాను, నవ్వారు. సర్వసభ్య సమావేశంలో మళ్లీ అడుగుతాను.