ఈ అంగట్లో అమ్మకం నిషేధం

హంపీ విరూపాక్ష బజారులో కాలు పెట్టిన తెలుగువాడు మొదట చేసే పని నేల వంక చూడటం. వెనక అంత ఎత్తు గోపురం, ఆ చివర నంది, రెండు పక్కలా బారులు తీరిన రాతి మండపాలు, అన్నీ ఉన్నా కళ్ళు మాత్రం కిందికే పోతాయి. రాయలవారి కాలంలో రత్నాలు రాశులు పోసి అమ్మేవారని ఊహ తెలిసినప్పట్నుంచీ వింటున్నాం కదా, ఒక్కటైనా ఏ రాళ్ళ సందునో ఇరుక్కుపోయి ఉండదా అని ఆశ. మా బావమరిది మొహమాటం లేకుండా అడిగేశాడు, "బావా, ఇంతకీ రాశులు ఏ కొట్టు ముందు పోసేవాళ్ళు?" తెలీదంటే పరువు పోతుంది, అందుకని ఎడంచేతి వైపు నాలుగో మండపం చూపించాను. వాడు అక్కడికెళ్ళి దోసిలి పట్టి ఫోటో దిగాడు. దోసిలి నిండా ఎండ.

రత్నాల మాట అబద్ధం కాదు. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్, కెంపులు, వజ్రాలు, పచ్చలు, ముత్యాలు అమ్మే వీధిని ఈ నగరంలో చూశానని రాసిపెట్టాడు. కానీ ఆయన అక్కడితో ఆగితేనా! సాయంత్రమైతే సంత జరుగుతుందని, అందులో నిమ్మకాయలు, నారింజలు, ద్రాక్ష, కూరలు, కట్టెలు, నాసిరకం గుర్రాలు కూడా అమ్ముతారని రాశాడు. ద్రాక్ష ఒక పణం నాణేనికి మూడు గుత్తులట, దానిమ్మలు పదట. కొన్నేళ్ళ తర్వాత వచ్చిన మరో పోర్చుగీసువాడు న్యూనిజ్ ఇంకో అడుగు ముందుకేసి, ఇక్కడి అంగట్లో పిల్లులు, ఎలుకలు, బల్లులు కూడా తినడానికి దొరుకుతాయని, ఏం కొంటున్నాడో కొనేవాడికి తెలియాలి కాబట్టి అన్నీ ప్రాణంతోనే అమ్మాలని రాశాడు. మాకు ఏ మాస్టారూ ఈ ముక్క చెప్పలేదు. ఎలుకల్ని రాశి పోయడం కుదరదు, పోసినా నిలబడవు, బహుశా అందుకే మన గర్వకారణాల జాబితాలోకి ఎక్కలేకపోయాయి.

సరే, 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత ఆ వైభవం పోయింది. ఇక్కడే జనం చేసిన పెద్ద పొరపాటు ఒకటుంది. తర్వాతి కాలంలో వాళ్ళు ఈ మండపాల్లో గోడలు కట్టుకుని కాపురాలు పెట్టారు, ఊరుకోకుండా టీ కొట్లు, అరటిపళ్ళు, పూసల దండలు, ఇడ్లీలు పెట్టి అమ్మడం మొదలెట్టారు. అంటే సాక్షాత్తూ బజారులోనే బజారు నడిపారు! 1986లో హంపీకి ప్రపంచ వారసత్వ సంపద హోదా వచ్చింది. సంపద అన్నాక అందులో కూర్చుని సంపాదించుకోవడం ఏం మర్యాద? 2011 జులైలో బుల్డోజర్లు వచ్చి ఆ మర్యాద నేర్పించాయి. కెంపులు అమ్మి ఉంటే ఏమయ్యేదో గానీ, ఇడ్లీ పాత్రలకి చారిత్రక విలువ ఉందని ఎవరూ వాదించలేకపోయారు.

నేను పద్ధతిని తప్పు పట్టట్లేదు. అర్థం చేసుకోవాలని చూస్తున్నానంతే. గుడిలో విరూపాక్షుడికి ఇప్పటికీ నిత్యపూజలు జరుగుతున్నాయి, హారతి ఇస్తున్నారు, హుండీ ఉంది, గుడి గుడిలాగే ఉంది. గుడి వారసత్వం నిలవాలంటే పూజ ఉండాలి, గుడి ముందున్న అంగడి వారసత్వం నిలవాలంటే మాత్రం బేరం ఉండకూడదు. ఇందులో ఏదో లోతైన శాస్త్రం ఉండే ఉంటుంది. ఆ లెక్కన పుష్కరిణిని కాపాడాలంటే నీళ్ళు తోడెయ్యాలేమో.

ఇలాంటి ఆలోచనలతో నంది దాకా నడిచేసరికి గొంతు ఎండింది. మండపం నీడన ఒక పెద్దమ్మ బుట్టలో కీరదోసకాయలు పెట్టుకుని కూర్చుంది, బుట్ట మీద సగం తడిగుడ్డ. చెక్కు తీసి, కాయని నిలువునా నాలుగు చీలికలు చేసి, సందుల్లో ఉప్పూకారం రాసి, పైన సగం నిమ్మచెక్క పిండింది. పేయిస్ రాసిన నిమ్మకాయే అనుకుని మురిసిపోతూ యాభై నోటు తీశాను. దాని వెనక హంపీ రాతిరథం బొమ్మే ఉంటుంది, సొంత ఊళ్ళో కూడా చెల్లకపోతుందా. ఆమె నోటు అందుకుందో లేదో ఎక్కడో విజిల్ మోగింది. గుడ్డ, కత్తి, బుట్ట, నా చిల్లర, అన్నీ ఒక్క క్షణంలో లేచిపోయాయి.

నిజం చెప్పాలంటే ఆమె ఎగ్గొట్టి పోయిందనే అనుకున్నాను. ఐదు నిమిషాలకి బండల అవతల్నుంచి పిలిచింది, "ఓ నాయనా, ఇటు రాండి. ఈడ ఏమనరు." వెళ్ళాం. ఇరవై చిల్లర ఇచ్చింది. మా వాడు, అంతసేపూ రత్నాలు వెతికినవాడు, కాయ ముప్పై అంటే మరీ ఎక్కువ, ఇంకో చీలిక కొసరు వెయ్యమని బేరం మొదలెట్టాడు. ఆమె తిట్టుకుంటూనే వేసింది. పట్టుకోవడానికి ఏమీ లేక వాడు దోసిలి పట్టాడు, కారం నీళ్ళు మోచేతుల దాకా కారాయి, ఈసారి ఫోటో సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.