మా ఇంట్లో నీట్ సెంటర్

మా బిడ్డకు నీట్ మాక్ టెస్టులో 37 మార్కులొచ్చాయని మా బంధువులందరికీ తెలుసు. 720కి 37. ఈ సంగతి వాళ్లకు చెప్పింది నేనే, ఆ 37 వేసిందీ నేనే. అంతా కలిపి ఒక చిన్న ఫెవికాల్ డబ్బా చేసిన పని, కానీ డబ్బా మూత తీసింది కూడా నేనే కాబట్టి ఎవరినీ అనేది లేదు.

నేను నల్లగొండ బయట ఒక బియ్యం మిల్లులో లెక్కలు రాస్తాను. ఇరవై రెండేళ్లలో ఒక్క బస్తా తేడా రాలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, ముందు జరగబోయేదానికి అవసరం కాబట్టి చెప్తున్నా.

మా ఊళ్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అప్పుడు మా బిడ్డ ఇంకా బళ్లోనే ఉంది గానీ నేను మాత్రం ఆ రోజే మనసులో సీటు వేసేసుకున్నా, పొద్దున టిఫిన్ తిని పోయి సాయంత్రం అన్నానికి ఇంటికొచ్చే డాక్టరు, హాస్టల్ ఖర్చు లేదు. ఆమె కూడా బాగానే చదువుతుంది. మాక్ టెస్టుల్లో జనవరిలో 402, ఫిబ్రవరిలో 441, మార్చిలో 468. ఆ తర్వాత 466. మళ్లీ 468. బురదలో దిగబడ్డ ట్రాక్టరు లెక్క చక్రం తిరుగుతోంది గానీ బండి కదలడం లేదు.

కోచింగ్ సారుకు ఫోన్ చేస్తే చాలా మంచి మాటలు చెప్పాడు. "ఇప్పుడు కొత్త పుస్తకాలు పట్టుకోవద్దు సార్, మూడు గంటలు టెస్ట్ రాస్తే నాలుగు గంటలు ఆ పేపర్ విప్పి చూసుకోవాలె, ఏది ఎందుకు తప్పయిందో రాసుకోవాలె" అన్నాడు. మా బిడ్డ అప్పటికే ఒక పొడుగు నోటుబుక్కు పెట్టుకుంది, అందులో మూడు గడులు. తెలియనివి, తెలిసీ మరిచినవి, సిల్లీ తప్పులు. మూడో గడే అన్నిటికంటే పొడుగు. "సరికానిది ఏది" అని అడిగితే సరైనది రాయడం, సెంటీమీటర్లను మీటర్లు చేయకపోవడం, జవాబుల గడులు నింపే ఓఎంఆర్ కాగితం మీద 86వ ప్రశ్న జవాబు 87లో దిద్దడం. ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత, అంటే చేతిలో ఉన్న ప్రశ్న తప్పు పెడితే లెక్కప్రకారం ఐదు మార్కుల తేడా. ఈ లెక్క నాకు బాగా నచ్చింది. మిల్లులో గూడా అంతే, బస్తా చినిగితే బియ్యం పోతాయి, ఊడ్చిన కూలీ అదనం.

సారు చివర్లో ఇంకో మాట అన్నాడు. "ఇంట్లో కూడా అసలు పరీక్ష వాతావరణంలో రాయించండి."

మిగతావన్నీ మరిచిపోయి ఆ ఒక్క మాట పట్టుకున్నా.

పరీక్ష మే మొదటి ఆదివారం. ఏప్రిల్ రెండో ఆదివారం మా ఇంటి ముందు గది సెంటర్ అయింది. అసలు పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా, 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు. 2024 దాకా 200 ప్రశ్నలిచ్చి 180 రాయమనేవాళ్లు, 200 నిమిషాలుండేవి, 2025 నుంచి ఆ సుఖం పోయింది. గేటు ఒంటిగంటన్నరకు మూస్తారు. కాబట్టి నేనూ ఒంటిగంటన్నరకు గొళ్లెం పెట్టా. పిల్ల అప్పుడు పెరుగన్నం తిని చేయి కడుక్కోవడానికి పెరట్లోకి పోయి ఉంది.

"డాడీ, తలుపు తియ్."

"గేటు మూసినం. రెండు నిమిషాలు లేటు."

మా ఆవిడ అన్నం గరిటె పట్టుకుని వచ్చింది. గరిటె చూసి గేటు తెరిచా.

తలలో క్లిప్పులు తీయించా, చేతి గడియారం తీయించా, బూట్లు లేవు చెప్పులే కాబట్టి వదిలిపెట్టా. సెంటర్లో వాళ్లే ఇస్తారని నల్ల బాల్ పెన్ను నేనే ఇచ్చా. ఇవన్నీ చిన్నవి. నా అసలు గొప్పతనం ప్రశ్నపత్రంలో ఉంది. అసలు పరీక్షలో బుక్‌లెట్‌కు సీలు ఉంటుంది కదా, కోచింగ్ నుంచి వచ్చిన బుక్‌లెట్‌కు లేదు, అందుకని ముందు రోజు రాత్రే మూడు పక్కలా ఫెవికాల్ రాసి ఖాకీ కవర్లో పెట్టి, కవర్ మూతికి గూడా రాసి, పైన బియ్యం డబ్బా పెట్టి పడుకున్నా. పొద్దున చూస్తే బ్యాంకు లాకరు తయారైంది.

సరిగ్గా రెండింటికి కవర్ చేతికిచ్చా. పిల్ల ఐదు నిమిషాలు దానితో కుస్తీ పట్టింది. పేపర్ బయటికొచ్చింది గానీ కుడిపక్క పైమూల కవర్‌కే అంటుకుని చిరిగిపోయింది. అప్పుడు చేయెత్తింది.

"డాడీ, ఇక్కడ కోడ్…"

"హాల్లో మాట్లాడొద్దు."

"కాదు, ఓఎంఆర్‌లో కోడ్ దిద్దాలె, మూల చిరి…"

"ఉన్నది చూసి రాయి. లేనిది వదిలెయ్."

ఆమె నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు అర్థం మర్నాడు తెలిసింది.

ఏప్రిల్ నెల నల్లగొండ ఎండ గురించి వేరే చెప్పక్కర్లేదు, మూడు గంటలకు కరెంటు పోయింది, సెంటర్లో గూడా పోవచ్చు కదా అని నేను సంతోషించా. పాత ఇనుప సామాన్లు కొంటామని మైకు పెట్టుకుని ఆటో వస్తే వీధి చివరి దాకా ఉరికి వాడికి ఇరవై రూపాయలిచ్చి నోరు మూయించా. వాడు పక్క వీధిలో తిరిగి మళ్లీ వచ్చాడు, ఈసారి నలభై అడిగాడు.

ఐదింటికి పేపర్ తీసుకున్నా. పిల్ల అట్లాగే చాప మీద పడి నిద్రపోయింది. నేను ఎర్ర పెన్ను తీసి కూర్చున్నా. కోచింగ్ గ్రూపులో కీ, అంటే సరైన జవాబుల పట్టీ పంపారు, ఒకటి కాదు, నాలుగు ఫైళ్లు. నెట్ సరిగా లేక నాలుగుసార్లు పోయినట్టుంది పాపం అనుకుని మొదటిది తెరిచా.

మొదటి పది ప్రశ్నల్లో రెండు ఒప్పు. సరే, ఫిజిక్స్ కదా అనుకున్నా. కెమిస్ట్రీకి వచ్చేసరికి చెమటలు పట్టాయి. బయాలజీ, నిద్రలో లేపి అడిగినా చెప్పే బయాలజీ, 90 ప్రశ్నల్లో ఒక్కో పేజీకి నాలుగైదు టిక్కులు. మొత్తం కూడితే పిల్ల జవాబు పెట్టినవి 168, ఒప్పు 41, తప్పు 127. నాలుగు నలభై ఒకట్లు 164, అందులో 127 తీసేస్తే 37. మూడుసార్లు కూడి చూశా. మూడుసార్లూ 37. లెక్క దగ్గర మనం తప్పే ప్రసక్తి లేదు కదా.

ఆ టెన్షన్‌లో మా పెద్దక్కకు పంపబోయి మొత్తం కుటుంబం గ్రూపులో పెట్టేశా. "బిడ్డకు 37 వచ్చినయ్. ఏం చేయాల్నో తెలుస్తలేదు." చెరిపేద్దామనుకునేలోపే నీలం టిక్కులు పడ్డాయి.

మిర్యాలగూడ నుంచి పెద్దక్క ఫోను. "తమ్మీ, సరస్వతి ఆకు రసం పొద్దున్నే పరిగడుపున తాపు." హాలియా నుంచి మా బామ్మర్ది. "బావా, పిల్లకు ఎండదెబ్బ తగిలింది, తోటల బత్తాయిలున్నయి, సంచి పంపుతున్న." దేవరకొండ నుంచి మా చిన్నాయన, ఆయనది ఎప్పుడూ ముందుచూపు. "ఎంబీబీఎస్ కాకుంటే ఏమాయె, హోమియో చదివియ్యిరా." దానికి గూడా నీటే రాయాలని చెప్తే "అయితే ఆయుర్వేదం" అన్నాడు. దానికీ నీటే చిన్నాయనా అంటే "అన్నిటికీ ఒకటే పరీక్షైతే మిగిలిన డాక్టర్లు యాడికెల్లి వస్తుండ్రురా" అని నన్నే తిట్టి పెట్టేశాడు.

మా ఆవిడ తీర్మానం ఏమిటంటే, పిల్లకు ఈ మార్కులు చెప్పొద్దు. పేపర్ దాచేశాం. నిద్ర లేచి "ఎన్నొచ్చినయ్?" అంటే ఇంకా దిద్దలేదని చెప్పా. కానీ ఊరంతా తెలిసిన రహస్యం కదా, రాత్రి దాకా ఆమెకు ఒక్కొక్కరే ఫోను. "మార్కులదేముంది బిడ్డా, పానం మంచిగుండాలె." పిల్ల ఫోన్ పెట్టేసి "డాడీ, నాకేమన్నా రోగమొచ్చిందా, మీరేమన్నా దాస్తుండ్రా?" అని అడిగింది.

ఇంట్లో తొమ్మిదో తరగతి కొడుకొకడున్నాడు. వాడికి అన్ని సందేహాలూ రాత్రి పదింటికే వస్తాయి. ఖాళీ ఓఎంఆర్ కాగితం ఒకటి తీసుకుని, ప్రశ్నపత్రం ముట్టుకోకుండా, 180కి 180 రెండో గడి నింపి నా దగ్గరికి తెచ్చాడు. "జర దిద్దు డాడీ." దిద్దా. 47 ఒప్పు, 133 తప్పు. 55 మార్కులు.

"అక్క కంటే నాకే ఎక్కువొచ్చినయ్" అని చెవిలో చెప్పాడు. తర్వాత లెక్క కూడా వేసి చూపాడు, నాలుగు జవాబుల్లో ఒకటే ఒప్పు కాబట్టి కళ్లు మూసుకుని నింపినా సుమారు 45 ఒప్పవుతాయట, 180లోంచి 135 పోతే 45 మార్కులు ఊరికే వస్తాయట. "చదవకపోతేనే 45 డాడీ. 37 రావాలంటే చదవాలె."

అక్కడైనా నా బుర్ర వెలగాలి. వెలగలేదు. ఇన్నేళ్ల ఫీజు ఏమైందన్న బాధలో ఉన్నా.

మర్నాడు సోమవారం. మా ఆవిడ అందరినీ పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి బయల్దేరదీసింది. నేను ఓఎంఆర్ కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నా, పిల్ల చూడకుండా స్వామి దగ్గర పెట్టి తీసుకుందామని. అక్కడ గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పొద్దంతా కదలకుండా స్తంభం నీడ పడుతుంది కదా, నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నా, దండం పెట్టుకుని వస్తున్నా, ఎందుకని ఒక్కసారీ అడగలేదు. మా వాడు అడిగాడు.

పిల్ల అక్కడే నిలబడి చెప్పింది. అది నేరుగా ఎండ తగిలి పడే నీడ కాదట, అట్లైతే సూర్యుడితో పాటు నీడ కూడా జరగాలట. లోపలికొచ్చేది బయట చెదిరి వచ్చే వెలుగట, అది స్తంభాల సందుల్లోంచి వచ్చే తీరును బట్టి నీడ ఒకచోటే నిలుస్తుందట. చేతులతో స్తంభాలెక్కడున్నాయి, వెలుగు ఎటు నుంచి వస్తుంది అన్నీ గాల్లో గీసి చూపింది. దండం పెట్టుకోవడానికి వచ్చిన ఇద్దరు ముసలోళ్లు కూడా ఆగి విన్నారు. ఒకాయన నన్ను అడిగాడు, "మీ బిడ్డనా సారూ, ఏం చదువుతది?"

నీట్ అనడానికి నోరు రాలేదు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. కుంకుమ పొట్లం కట్టడానికి మా ఆవిడ సంచిలో ఏది దొరికితే అది చింపింది, ఇప్పుడది విప్పి పిల్లకు బొట్టు పెట్టింది. పిల్ల పొట్లం కాగితం లాక్కుంది. ఖాకీ కాగితం, దాని మీద ఫెవికాల్‌తో బల్లిలా కరుచుకున్న తెల్లటి ముక్క, ముక్క మీద కుంకుమ, కుంకుమ కింద ఒక అక్షరం.

"ఇది నా పేపర్ మూల. కోడ్ సి" అంది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది. "డాడీ, ఏ కీతోని దిద్దినవ్?"

"గ్రూపుల పంపిందే."

"నాలుగు పంపుతరు. ఏ, బీ, సీ, డీ. ప్రశ్నలు అవే ఉంటయి, వరుస మారుతది. నువ్వు దేంతోని దిద్దినవ్?"

నేను జేబులోంచి ఓఎంఆర్ తీసి చేతిలో పెట్టా. వేరే దారి లేదు. పిల్ల నా ఫోన్ తీసుకుని మూడో ఫైలు తెరిచి, మెట్టు మీదే పెట్టుకుని దిద్దుకుంది. 136 ఒప్పు, 32 తప్పు. 544లోంచి 32 పోతే 512.

బండి బురదలోంచి ఎప్పుడో బయటపడింది, మనమే వెనక్కి తోస్తున్నాం. మా ఆవిడ దేవుడికి దండం పెట్టి, నా వైపు తిరిగి ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. మా వాడు మాత్రం తన 55 ఇప్పుడు ఎంతవుతుందని అడిగాడు.

ఇంటికొచ్చాక పిల్ల పొడుగు నోటుబుక్కు తీసి ఆ 32 తప్పులు మూడు గడుల్లో సర్దుకుంది. తర్వాత నాలుగో గడి గీసింది. పైన "డాడీ" అని రాసి, కింద ఒకే ఒక అంకె వేసింది. 475.

నేను గ్రూపులో రాశా. "నిన్నటిది తప్పు. కీ మారింది. బిడ్డకు 512 వచ్చినయ్." ఫొటో కూడా పెట్టా. చాలాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత పెద్దక్క దండం బొమ్మ పెట్టింది. చిన్నాయన ఫోన్ చేసి గొంతు తగ్గించి అన్నాడు, "మంచి పని చేసినవురా, పిల్ల మనసు కష్టపడకుండ గట్లనే చెప్పాలె. మాకు తెలుసు గని, మేం అడగం."

తర్వాతి ఆదివారం మా ఇంటి సెంటర్‌కు ఇన్విజిలేటర్ మా వాడు. ఒంటిగంటన్నరకు నన్నే బయటికి పంపి గొళ్లెం పెట్టుకున్నారు, ఐదింటి దాకా రావొద్దన్నారు. గడియారం సెంటర్ దగ్గర చాయ్ కొట్టు బల్ల మీద, రేకు కింద, ఆ ఎండలో మూడో చాయ్ తాగుతుంటే హాలియా నుంచి ఫోన్.

"బావా, ఇంకో సంచి బత్తాయిలు బస్సుల ఏసిన. ఇగ ఆ 37 ఏమన్నా పెరిగినయా?"

"పెరిగినయ్ గని, బస్సు ఎన్నిగంటలకు వస్తదో చెప్పు" అన్నా. ఐదింటి దాకా నాకూ ఏదో ఒక పని కావాలి కదా.