డక్ గారికి, ఒక గుండుసున్నా అభిమాని

మహారాజశ్రీ డక్ గారికి నమస్కారాలు.

మీరు ఇంగ్లిషు మాటే అయినా మా నోళ్లలో ఎప్పుడో స్థిరపడ్డారు. క్రికెట్లో సున్నాకే అవుటైతే 'డకౌట్' అని ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు. అయినా మీతో నాకో పేచీ ఉంది.

చిన్నప్పుడు పేపర్లో ఒక బ్యాట్స్‌మన్‌కి 'గోల్డెన్ డక్' అని చదివి, ఏదో పతకం వచ్చింది కాబోలనుకుని తెగ సంబరపడ్డాను. మా కథల్లో బాతు బంగారు గుడ్లు పెడుతుంది మరి! తీరా చూస్తే మొదటి బంతికే అవుటైతే బంగారమట. ఒక్క బంతీ ఆడకుండానే రనౌటై వస్తే ఏకంగా వజ్రం, 'డైమండ్ డక్'. ఎంత ఘనంగా చెడగొడితే అంత ఖరీదైన నగ. (ఈ పద్ధతి క్రికెట్లోనే ఉందని నేననడం లేదు.)

మొదట్లో మిమ్మల్ని 'డక్స్ ఎగ్' అనేవారట, సున్నా గుడ్డులా ఉంటుందని. పోను పోను గుడ్డు జారిపోయి మీరు మిగిలారు. మా మాస్టారైతే అదే సున్నాని కోడిగుడ్డు అనేవారు, పక్షి మారినా మార్కులు మారలేదు. 1948లో లండన్ ఓవల్ మైదానంలో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ బ్రాడ్‌మన్ చివరి ఇన్నింగ్స్‌కి దిగినప్పుడు, టెస్టు సగటు 100 కావడానికి నాలుగు పరుగులు చాలు. ఇంగ్లండ్ బౌలర్ ఎరిక్ హోలీస్ రెండో బంతికే, సున్నా దగ్గరే బౌల్డ్ చేశాడు. సగటు 99.94 దగ్గర ఆగింది. మిగతా 0.06 మీ రెక్కల కింద పొదగకుండా అలాగే ఉంది.

పోనీ మిమ్మల్ని తప్పించుకుందామా అంటే, బౌన్సర్ వస్తే తల దించడమూ 'డక్'యే! తప్పించుకున్నవాడికీ మీరే, దొరికిపోయినవాడికీ మీరే. అసలు పక్షికి ఆ పేరు వచ్చిందే నీళ్లలో మునుగుతుందని. మునగడమన్న క్రియ ముందు, బాతు తర్వాత. పేరులోనే మునక పెట్టుకున్నవారిని ఇంకేమనగలను?

లండన్ స్టాక్ మార్కెట్లో 18వ శతాబ్దంలోనే, బాకీ తీర్చలేనివాణ్ణి 'లేమ్ డక్' అన్నారు. ఆ కుంటి బాతు తర్వాత అమెరికా రాజకీయాల్లోకి నడిచింది. గద్దె దిగడం ఖాయమైనా ఇంకా దిగని నాయకుడికి అదే బిరుదు. ఆ కుంటినడక మరీ సాగుతోందని 1933లో రాజ్యాంగాన్నే సవరించి, అధ్యక్షుడి ప్రమాణస్వీకారాన్ని మార్చి 4 నుంచి జనవరి 20కి జరిపారు.

మీకు దక్కిన గౌరవమల్లా ప్రోగ్రామర్ల దగ్గరే. కోడ్‌లో తప్పు దొరక్కపోతే బల్ల మీద రబ్బరు బాతుని కూర్చోబెట్టి లైను లైనుగా వివరిస్తారు. చెబుతూ చెబుతూ ఉండగా తప్పు వాళ్లకే తడుతుంది. బాతు నోరు మెదపదు. జీతమూ అడగదు.

నేనూ ఒకటి కొన్నాను. ఇంతసేపూ ఈ ఉత్తరం దానికే చదివి వినిపించాను. 'గోల్డెన్ డక్' దగ్గర మాత్రం దాని వంక చూడలేకపోయాను.

ఇట్లు,
లెక్కల్లో మీ గుడ్డుని మూడుసార్లు ఇంటికి మోసుకొచ్చినవాడు